ఫ్రైడ్ రైస్‌లో ఆ తెల్ల ముక్క తుంగ గడ్డేనండీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో తినే తుంగ గడ్డల గురించి రెండు ముక్కలు రాశాం, వాటర్ చెస్ట్‌నట్ అనేది చెట్టు కాయ కాదు, బురద నేలలో పెరిగే ఒక తుంగ జాతి మొక్క గడ్డ అని. దాని మీద ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి, అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేశాం. ఒకే మాట చాలామంది అడిగిన చోట కలిపి ఒకే ప్రశ్నగా వేశాం.

ప్రశ్న: చైనీస్ హోటల్లో ఫ్రైడ్ రైస్ తెప్పించుకున్నప్పుడల్లా అందులో గుండ్రంగా తెల్లటి ముక్కలు కరకరలాడుతూ తగుల్తాయి. మా ఆయన ముల్లంగి అంటారు, మా అత్తయ్య గారు సింగాడ అంటారు. ఎవరు కరెక్టో చెప్పండి. (కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: ముల్లంగి కాదండీ, సింగాడా కాదు. అత్తయ్య గారు అలా అనుకోవడానికి కారణం ఉంది, ఇంగ్లీషులో రెండిటికీ వాటర్ చెస్ట్‌నట్ అనే పేరే వాడతారు. సింగాడ అంటే చెరువు నీళ్ళ మీద తేలే మొక్కకి కాసే కొమ్ముల కాయ, మన దగ్గర ఉడకబెట్టి బండ్ల మీద అమ్ముతారు, ఉత్తరాదిన నవరాత్రి ఉపవాసాలకి దాని పిండే వాడతారు. మీ ప్లేటులోకి వచ్చేది మాత్రం కాయ కాదు, బురద లోపల ఊరే గడ్డ. మొక్క శాస్త్రీయ నామం ఎలియోకారిస్ డల్సిస్. తుంగ కుటుంబంలోదే కానీ చూడ్డానికి మనకి తెలిసిన తుంగలా ఉండదు, ఆకులే కనిపించవు, నీళ్ళలోంచి పచ్చటి గొట్టాలు నిలువుగా మీటరు పైదాకా లేస్తాయి అంతే, కొసన చిన్న కంకి ఉంటుంది. ఆ గొట్టం లోపల అడ్డంగా పల్చటి పొరలతో గదులు గదులుగా ఉంటుంది, వేళ్ళతో నొక్కుకుంటూ పోతే టపటపా పగుల్తుంది. కింద బురదలో గాలి ఆడదు కదా, పైనుంచి గాలి వేళ్ళకి అందేది ఈ గొట్టాల్లోంచే.

ఇది చైనా వాళ్ళ మొక్క మాత్రమే అని కూడా అనుకోకండి. ఆఫ్రికా, మడగాస్కర్ దగ్గర్నుంచి మన దేశం, ఆగ్నేయాసియా, ఉత్తర ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవుల దాకా వేడి దేశాల చిత్తడి నేలల్లో దానంతట అదే పెరుగుతుంది. అడవి రకం గడ్డ సెంటీమీటరు అటూ ఇటూ ఉంటుంది, నల్లగా, గట్టిగా. చైనా రైతులు తరతరాలుగా పెద్దవి ఏరి నాటుకుంటూ నాటుకుంటూ మూడు నాలుగు సెంటీమీటర్ల తియ్యటి గడ్డ చేశారు. డబ్బాల్లో మనకి వచ్చేది అదే. డబ్బాది తిని దీని రుచి ఇంతే అనుకోవద్దని మాత్రం గట్టిగా చెప్తాం, ఉడికించి నీళ్ళలో నానబెట్టేసరికి తీపంతా పోతుంది, కరకర ఒక్కటే మిగుల్తుంది. పచ్చి గడ్డకి మట్టి కడిగి చెక్కు తీస్తే లోపల తెల్లగా నీరుగా ఉంటుంది, లేత కొబ్బరి తీపి తగుల్తుంది.

ప్రశ్న: బంగాళాదుంప పది నిమిషాల్లో మెత్తబడుతుంది కదా, ఇదీ గడ్డే, ఇందులోనూ పిండే ఉంటుంది, మరి ఎంత వేయించినా ఎందుకు మెత్తబడదు? (ఇంటర్ బైపీసీ విద్యార్థిని, ఖమ్మం)

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. బంగాళాదుంపలో కణాల గోడల్ని ఒకదానికొకటి అతికించి ఉంచేది పెక్టిన్, వేడికి అది కరిగి కణాలు విడిపోతాయి, దాన్నే మనం ఉడికింది అంటాం. ఈ తుంగ గడ్డలో కణాల గోడల మధ్య ఫెరులిక్ ఆమ్లం అణువులు జంటలుగా కలిసి వంతెనలు వేసి ఉంటాయి, వంట వేడికి ఆ బంధాలు తెగవు. లోపల పిండి ఉడుకుతుంది కానీ కణాలు మాత్రం పట్టు వదలవు, కొరికినప్పుడు కణాలు విడిపోవడం కాదు, పగుల్తాయి, అందుకే ఆ చప్పుడు.

ప్రశ్న: నాకు షుగర్ ఉంది, తినొచ్చా? పచ్చిగా తింటే కడుపులో పురుగులు పడతాయని మా అబ్బాయి భయపెడుతున్నాడు, అది నిజమేనా? (రిటైర్డ్ టీచరు, తెనాలి)

జవాబు: మాస్టారూ, షుగర్ సంగతి ముందు. పచ్చి గడ్డలో 100 గ్రాములకి దగ్గరదగ్గర 24 గ్రాములు పిండి పదార్థం ఉంటుంది, మూడు వంతుల దాకా నీరే. పొటాషియం బాగానే ఉంటుంది, సుమారు 580 మిల్లీగ్రాములు, కాబట్టి కిడ్నీ సమస్య కూడా ఉన్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా ముట్టుకోవద్దు. నీళ్ళలో పెరిగింది కదా తేలిక తిండి అనుకుని గిన్నెడు తినేయకండి, బంగాళాదుంపని ఎలా లెక్కేసుకుంటారో దీన్నీ అలాగే అన్నంలో తగ్గించుకుని తినండి.

మీ అబ్బాయి చెప్పింది నిజమే, ఆ భయం ఉత్తిది కాదు. పేగుల్లో చేరే ఒక పెద్ద చదునైన పురుగు ఉంది, ఫాసియోలాప్సిస్ బస్కీ అంటారు, నీటి నత్తల్లో పెరిగి ఆ తర్వాత నీటి మొక్కల మీద, కాయల తొక్కల మీద పొదిగి కూర్చుంటుంది. పందులు తిరిగే చెరువుల్లోంచి తెచ్చిన సింగాడలు, ఈ గడ్డలు పళ్ళతో చెక్కు తీసుకుని తినే చోట అది మనుషుల్లోకి వస్తుంది. మన దేశంలో బీహార్, ఉత్తరప్రదేశ్ లాంటి చోట్ల కేసులు రాశారు. జాగ్రత్త చాలా సులువు, పళ్ళతో చెక్కు తీయకండి, బాగా కడిగి మరిగే నీళ్ళలో కొన్ని నిమిషాలు ఉంచి చెక్కు తీయండి, పైన చెప్పినట్టు ఎంత ఉడికినా కరకర పోదు కాబట్టి రుచికి నష్టమేమీ లేదు. తర్వాత ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపులో వేసి కొబ్బరి కోరు చల్లి దించేయండి, అన్నంలోకి కన్నా ఊరికే తినడానికే బాగుంటుంది.

ప్రశ్న: మాది కొల్లేటి లంక ఊరు. చిన్నప్పుడు ఎండాకాలం చేలల్లో తుంగ గడ్డలు తవ్వుకుని నమిలేవాళ్ళం, నల్లగా ఉండేవి, ఒక రకమైన ఘాటు వాసన. మీరు రాసింది అదేనా? ఇప్పుడు మా మనవలకి చూపిద్దామంటే ఎక్కడ తవ్వాలో కూడా తెలియట్లేదు.

జవాబు: కాదమ్మా, మీరు నమిలినవి తుంగముస్తెలు అనిపిస్తోంది. ఆ కర్పూరం లాంటి ఘాటు, నలుపు, పైన పీచు, అవన్నీ దానివే. ఆయుర్వేదంలో ముస్త అని జ్వరానికి, అజీర్ణానికి వాడతారు, పచారీ కొట్లో ఎండినవి దొరుకుతాయి. రైతుకి మాత్రం అంత మొండి కలుపు ఇంకోటి లేదు, ఎంత పీకినా కింద గొలుసులాగా ఉన్న గడ్డల్లో ఒక్కటి మిగిలితే చాలు మళ్ళీ లేస్తుంది. అది మెట్టలో కూడా బతుకుతుంది, కాండం మూడు పలకలుగా ఉంటుంది, ఆకులుంటాయి. మేం రాసినది నీళ్ళలోనే ఉంటుంది, కాండం గుండ్రటి గొట్టం, ఆకుల్లేవు. గడ్డకి ఘాటు ఉండదు, తీపి ఉంటుంది. రెండూ తుంగలే, చుట్టాలే కానీ ఒకటి కాదు. చాపలు అల్లే తుంగ వేరు, అది ఇంకో రకం.

మనవలకి చూపించండి, తప్పకుండా చూపించండి, ఈ మొక్కల పేర్లు తెలిసిన తరం మీదే కదా ఆఖరిది అయ్యేలా ఉంది. కానీ తినిపించేముందు ఒక్క మాట, ఆక్వా చెరువుల నీళ్ళు, ఫ్యాక్టరీ నీళ్ళు కలిసే డ్రెయిన్ల పక్కన మాత్రం తవ్వద్దు. తుంగ జాతి మొక్కలు బురదలో ఉన్న లోహాల్ని లోపలికి పీల్చుకుంటాయి, కడిగితే పోయేది కాదు అది. ఇంకోటి, మొక్క ఏదో నూటికి నూరు పాళ్ళు తెలియకుండా ఏ గడ్డా నోట్లో పెట్టుకోవద్దు.

ప్రశ్న: నేను ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో నర్సుగా పనిచేస్తున్నాను, మాది నెల్లూరు. సెలవులకి కకాడు నేషనల్ పార్క్ వెళ్తే అక్కడ గైడు నలుపు తెలుపు బాతుల గుంపుని చూపించి ఇవి మీరు తినే వాటర్ చెస్ట్‌నట్ కోసమే తవ్వుతున్నాయి అన్నాడు. నమ్మొచ్చా? మేము తవ్వుకోవచ్చా అక్కడ?

జవాబు: నమ్మొచ్చమ్మా, గైడు చెప్పింది అక్షరాలా నిజం, ఇంకా చెప్పాలంటే ఈ మొక్క సంగతి పూర్తిగా అర్థం కావాలంటే చూడాల్సిన చోటు అదే. ఆ పక్షుల్ని మాగ్‌పై గూస్ అంటారు, ముక్కు కొస వంకీ తిరిగి ఉంటుంది, గట్టిపడిన బురదని పగలగొట్టడానికే అన్నట్టుగా. అక్కడ డిసెంబరు నుంచి మార్చి ఏప్రిల్ దాకా వానలకి మైదానాలన్నీ నిండుతాయి, ఈ తుంగ నీళ్ళతో పోటీపడి లేస్తుంది. తర్వాత నీళ్ళు తగ్గడం మొదలవుతుంది, పైన పచ్చదనం ఎండుతుంటే మొక్క తన తిండంతా కిందకి దించి గడ్డల్లో దాచుకుంటుంది. ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి, అక్కడి ఆదివాసీల ఆరు కాలాల లెక్కలో గుర్రుంగ్ అనే మండే కాలం అది, నేల నెర్రెలిచ్చే వేళకి పక్షులు లక్షల్లో వచ్చి ఆ గడ్డలు తవ్వుకు తింటాయి. అదే కాలంలో ఆడవాళ్ళు తవ్వుకోలలతో ఇవే గడ్డలు తీసి పచ్చిగానో నిప్పుల్లో కాల్చో తినేవాళ్ళు, కొవ్వు పట్టిన ఆ బాతుల్ని వేటాడి కూడా తినేవాళ్ళు. అంటే ఒక్క గడ్డ మీద ఎండాకాలం తిండంతా ఆధారపడి ఉంది, పక్షికీ మనిషికీ.

ఇప్పుడు బాధపడాల్సిన భాగం. పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో తెల్లవాళ్ళు అక్కడికి గేదెల్ని తెచ్చారు, ఆసియా గేదెలే, మన గేదెల చుట్టాలు. అవి అడవిలో పడి పెరిగిపోయి మైదానాలు తొక్కేశాయి, అవి నడిచిన దారులే కాలవలై మంచినీళ్ళు బయటికి పోయాయి, సముద్రపు ఆటుపోటుల ఉప్పునీళ్ళు లోపలికొచ్చాయి. 1980లలో పశువుల్లో క్షయ, బ్రూసెల్లోసిస్ రోగాలు నిర్మూలించే కార్యక్రమంలో వాటిని పెద్ద ఎత్తున తీసేశాక మళ్ళీ తుంగలు, కలువలు తిరిగొచ్చాయి. అంతలోనే ఇంకో శత్రువు, పారా గడ్డి. మన గోదావరి జిల్లాల్లో పాడి రైతులు పశువులకి వేసే అదే పారా గడ్డి, ఆఫ్రికా నుంచి మేతకని తెచ్చి వేస్తే చిత్తడి నేలంతా దుప్పటి కప్పేసినట్టు కప్పేసి దేన్నీ మొలవనివ్వట్లేదు. పార్కు వాళ్ళు, ఆ నేల అసలు హక్కుదారులైన బినింజ్, ముంగ్గుయ్ జనం మందులు కొట్టి, సరైన కాలంలో నిప్పు పెట్టి దాన్ని వెనక్కి నెడుతున్నారు. పైగా ఆ మైదానాలు సముద్రపు పోటు మట్టం కన్నా కాస్తే ఎత్తు, చాలా చోట్ల మీటరు లోపే, సముద్రం పెరుగుతున్న ఈ రోజుల్లో దానికన్నా పెద్ద బెంగ లేదు.

మీరు తవ్వుకోవచ్చా అంటే, వద్దమ్మా. నేషనల్ పార్కులో మొక్కలు తీయడం నేరం, పైగా అక్కడ నీళ్ళలో మొసళ్ళుంటాయని మీకు వేరే చెప్పక్కర్లేదు. మీ ఊళ్ళో ఆసియా కూరగాయలు అమ్మే చోట అడగండి, పచ్చివి దొరికితే గట్టిగా, ముడతలు లేకుండా ఉన్నవి ఏరుకోండి, మెత్తగా నొక్కుకుపోయేవి లోపల కుళ్ళి ఉంటాయి.

ప్రశ్న: సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. మణిపూర్‌లోని లోక్‌తక్ సరస్సు గురించి చదువుతుంటే తినే నీటి మొక్కలు తగ్గిపోయాయి అని ఒక లైన్ వచ్చింది. మీరు రాసిన గడ్డ కూడా అందులో ఉందా? డ్యామ్ కడితే నీళ్ళు ఎక్కువ ఉంటాయి కదా, నీటి మొక్క ఎందుకు తగ్గుతుంది? (అశోక్‌నగర్, హైదరాబాద్)

జవాబు: ఉంది. మణిపూర్‌లో దీన్ని కౌథుమ్ అంటారు, ఇంఫాల్‌లో అంతా ఆడవాళ్ళే నడిపే ఇమా మార్కెట్‌లో కుప్పలు పోసి అమ్మే తిండి, సింగాడతో పాటే. మీ రెండో ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. నీళ్ళు ఎక్కువుంటే నీటి మొక్కకి మంచిది అనుకుంటాం, కానీ దీనికి కావల్సింది నీళ్ళు కాదు, నీళ్ళు పెరగడం, తగ్గడం. పెరిగినప్పుడు ఎదుగుతుంది, తగ్గినప్పుడు గడ్డ ఊరుతుంది, పైన డార్విన్ అమ్మాయికి చెప్పింది అదే. 105 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టుకి నీళ్ళు నిలపడానికి ఇథాయ్ బ్యారేజీ 1983లో మొదలైంది, అప్పట్నుంచి సరస్సు మట్టం ఏడాదంతా ఎత్తులోనే ఉంచుతున్నారు. వేసవిలో బయటపడే ఒడ్డు బయటపడదు, అక్కడ ఊరాల్సినవి ఊరవు, తవ్వాల్సిన వాళ్ళకి నేలే కనపడదు. సరస్సు మీద తేలే ఫుమ్డీలనే గడ్డి తెప్పలదీ అదే కథ, ముందు ఎండాకాలంలో అడుగుకి దిగి మట్టిలోంచి బలం తీసుకుని మళ్ళీ లేచేవి, ఇప్పుడు ఎప్పుడూ తేలుతూనే ఉండి పల్చబడిపోతున్నాయి, వాటి మీద బతికే సంగాయ్ జింకకి కాలు మోపే చోటు తగ్గుతోంది. 1990లో ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాలోకి వచ్చిన సరస్సు 1993కల్లా ప్రమాదంలో ఉన్నవాటి మాంట్రో రికార్డులోకి ఎక్కింది. తేదీలు గుర్తుంచుకో, పరీక్షకి పనికొస్తాయి, కానీ కారణం ఇంకా బాగా గుర్తుంచుకో.

మన కొల్లేరు కూడా అలా ఊపిరి తీసి వదిలే సరస్సే. బుడమేరు, తమ్మిలేరు వరద తెస్తే నిండేది, ఉప్పుటేరు గుండా సముద్రానికి దిగిపోయేది, దిగినప్పుడు లంకల వాళ్ళు దాళ్వా వరి వేసుకునేవాళ్ళు. ఆ మధ్యలో చేపల చెరువుల గట్లు లేచి నీటి దారి మూసుకుపోయింది. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో గట్లు కొట్టేశారు. అయినా గొడవ తెగలేదు, ఎందుకంటే అక్కడ జనం బతుకూ ఉంది. చిత్తడి నేలని చూసి ఖాళీగా పడుంది అనే మాట వింటే మాకు మనసు ఊరుకోదు. ఏ నేలలో ఏ కాలంలో ఎవరు ఏం తింటున్నారో అడక్కుండా నీటి మట్టం ఎంత ఉంచాలో తేల్చేయడం అన్యాయం. మణిపూర్ ఆడవాళ్ళ బుట్టల్లో తగ్గిన కౌథుమ్ ఏ కరెంటు లెక్కలోనూ నష్టం కింద రాయలేదు.

ప్రశ్న: కోనసీమలో నాకు ఎకరన్నర పల్లపు పొలం ఉంది, సార్వాలో మునిగిపోతుంది. ఈ గడ్డలు వేస్తే లాభమేనా? విత్తనం ఎక్కడ? (అమలాపురం దగ్గర్నుంచి ఒక రైతు)

జవాబు: వాతావరణం పరంగా ఇబ్బంది లేదండీ, దీనికి ఏడు నెలలకి పైగా మంచు పడని కాలం కావాలి, మనకి మంచే లేదు. చైనాలో వరి మడిలాంటి మడిలోనే పెంచుతారు, గడ్డల్ని నారుమడిలో మొలకెత్తించి, వేసవిలో దమ్ము చేసిన పొలంలో నాటి, అరడుగు లోపు నీళ్ళు నిలబెడతారు. పక్కకి తీగలు పాకి పిల్ల మొక్కలు లేస్తాయి, పగటి పొద్దు తగ్గే కాలం వచ్చేసరికి కింద గడ్డలు కడతాయి, పైన గొట్టాలు ఎండి వాలిపోయాక నీళ్ళు తీసేసి కొన్నాళ్ళు ఆరనిచ్చి శీతాకాలమంతా తవ్వుకుంటారు. హెక్టారుకి 20 నుంచి 40 టన్నుల దాకా తీస్తారు. అంకె చూసి ఆశపడొద్దు, ఆ తవ్వకం చాలా వరకు చేత్తోనే, బురదలో వంగి ఒక్కోటీ గీతపడకుండా తీయాలి, గీత పడితే నిలవ ఉండదు, మన దగ్గర కూలి రేట్లకి అది ఎంతవరకు గిట్టుతుందో మీకే బాగా తెలుసు. కొనేవాడు ఎవరో తేలకుండా ఎకరన్నరలో దించమని మేం చెప్పం.

ఉప్పు, చౌడు తగిలే నేలైతే ఇది వద్దు, గడ్డ సరిగా ఊరదు. పుల్లటి నేలని మాత్రం బాగా ఓర్చుకుంటుంది. ఇండోనేషియాలో దక్షిణ కాలిమంతాన్ అని ఉంది, అక్కడ గంధకం ఉన్న చిత్తడి నేలల్లో వరి కూడా బతకనంత పులుపులో అడవి రకం గుబురుగా పెరుగుతుంది. అక్కడి వాళ్ళు గడ్డ కోసం కాదు, గొట్టాల కోసం కోస్తారు, ఎండబెట్టి, దంచి చదును చేసి చాపలు, బుట్టలు అల్లుతారు. ఇంకో విశేషం, వరిలో కాండం తొలిచే తెల్ల రెక్కల పురుగు అక్కడ వరి మీద కన్నా దీని మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుందని గమనించి, గట్ల వెంట దీన్ని ఎరగా ఉంచుతారు. ఈ పురుగు వల్ల గింజ కట్టని తెల్ల కంకి దెబ్బ తిన్న రైతు ఎవరికైనా ఇది వినగానే ఆశ పుడుతుంది, కానీ అక్కడి పురుగూ మన పసుపు కాండం తొలిచే పురుగూ వేరు రకాలు, ఇక్కడ అలాగే పనిచేస్తుందని చెప్పలేం.

మా సలహా అడిగితే, ముందు ఒక సిమెంటు తొట్టిలో మొదలుపెట్టండి. పెద్ద ఊళ్ళలో విదేశీ కూరగాయలు అమ్మే దుకాణాల్లో పచ్చి గడ్డలు వస్తుంటాయి, మొలక కన్ను పాడవనివి తెచ్చి జానెడు మట్టిలో గుచ్చి బెత్తెడు నీళ్ళు పెట్టండి, ఏడాది చూడండి. దోమలకి రెండు చేప పిల్లల్ని వదలండి. ఒకవేళ పొలంలో వేస్తే వరి వేసే మడిలో మాత్రం వద్దు, తవ్వగా మిగిలిన గడ్డలు మరుసటి ఏడు వరిలో కలుపై లేస్తాయి, చాలా దేశాల్లో వరి రైతులు దీన్ని కలుపు కిందే లెక్కేస్తారు. గట్టు బాగా ఎత్తు చేసుకోండి, తీసేసిన మొక్కల్నీ గడ్డల్నీ పంట కాలవలో పారేయకండి, కింద ఊళ్ళ పొలాలకి అవే పోతాయి. ఎండబెట్టి పశువులకి వేయండి, లేదా కంపోస్టు గుంటలో పూర్తిగా కుళ్ళేదాకా ఉంచండి. ఏడాది తర్వాత తొట్టిలో ఎన్ని గడ్డలు దిగాయో, ఎంత సైజు వచ్చాయో రాయండి, ఈ పేజీలోనే వేస్తాం.